తెర మీద హీరో, చేతిలో గెంతు: కుటుంబ చిత్రాల వీడియో గేములపై ఒక సమీక్ష

1993 నవంబరులో అమెరికా దుకాణాల్లోకి 'అల్లాదీన్' పేరుతో రెండు వీడియో గేములు వచ్చాయి. సినిమా ఒకటే, అంతకు ఏడాది ముందు డిస్నీ విడుదల చేసిన కార్టూన్ చిత్రం. హీరో ఒకడే, కోతి ఒకటే, జీనీ ఒకడే. కానీ సెగా జెనెసిస్ కోసం వర్జిన్ సంస్థ చేసిన గేమ్ వేరు, సూపర్ నింటెండో కోసం జపాన్ వాళ్ళ క్యాప్‌కామ్ చేసిన గేమ్ వేరు. మొదటిదాంట్లో అల్లాదీన్ చేతిలో కత్తి ఉంటుంది. రెండోదాంట్లో కత్తి లేదు. శత్రువు నెత్తిన గెంతాలి, గోడ అంచు పట్టుకుని పైకి పాకాలి, కొక్కెం దొరికితే ఊగి అవతలికి దూకాలి. ఈ రెండింట్లో ఏది గొప్పదన్న తగువు ముప్పై ఏళ్ళు దాటినా తెగలేదు.

ఆ తగువులో నా ఓటు ఎటో కాసేపట్లో చెబుతాను. దానికంటే పెద్ద ప్రశ్న ఒకటుంది. పిల్లలూ పెద్దలూ కలిసి చూసే సినిమా ఆడిందంటే దాని వెంటే ఒక ప్లాట్‌ఫామ్ గేమ్ దిగడం 1980ల నడిమి నుంచి దాదాపు 2010 దాకా ఆనవాయితీగా సాగింది. లెక్కలేనన్ని వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం డబ్బు దండగ సరుకే. కొన్ని మాత్రం ఇవాళ తీసి ఆడినా పట్టు సడలలేదు. ఆ కొన్నిటికి ఏం కలిసొచ్చింది? మిగతావాటికి ఏం తక్కువైంది? చివరికి ఆ ఆనవాయితీ ఎందుకు ఆగిపోయింది?

ప్లాట్‌ఫామ్ గేమ్ అంటే మారియో ఆడినవాళ్ళకు చెప్పక్కర్లేదు. గట్లూ గోతులూ దాటుకుంటూ, దొరికింది ఏరుకుంటూ, అడ్డొచ్చినవాణ్ణి తప్పించుకుంటూ దూకుతూ పోవడమే. సినిమా కంపెనీలకు ఈ పద్ధతి నచ్చడానికి కారణాలు కళాత్మకమైనవేమీ కావు. ఆరేళ్ళ పిల్లాడికి కూడా నేర్పే పని లేదు. పైగా గేమ్ సంస్థ దగ్గర ఒకసారి గెంతించే ప్రోగ్రామ్ తయారైతే బొమ్మలు మార్చి మరో గేమ్ చేసుకోవచ్చు. సెగా అల్లాదీన్ వెనకున్న డేవిడ్ పెర్రీ బృందం సరిగ్గా ఇదే చేసింది. వాళ్ళు 1992లో మెక్‌డొనాల్డ్స్ ప్రచారానికి 'గ్లోబల్ గ్లాడియేటర్స్', 1993లో సెవెనప్ సీసా మీది ఎర్ర చుక్కను హీరోగా పెట్టి 'కూల్ స్పాట్' చేశారు. ఆ పునాది మీదే అల్లాదీన్ తిరిగే అగ్రబా నగరం లేచింది. బర్గర్లకూ కూల్‌డ్రింకుకూ రాసిన ప్రోగ్రామ్ డిస్నీ రాకుమారి కథకు పనికొచ్చిందంటే ఈ వ్యాపారం ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

ఈ వ్యాపారానికి మొదటి పెద్ద దెబ్బ అంతకు పదేళ్ళ ముందే తగిలింది. స్పీల్‌బర్గ్ 'ఈటీ' 1982 వేసవిలో అమెరికాను ఊపేసింది. అటారీ సంస్థ భారీ సొమ్ము పోసి గేమ్ హక్కులు కొంది. బేరం తెగేసరికి జూలై నెలాఖరు. క్రిస్మస్‌కు సరుకు దుకాణాల్లో ఉండాలంటే సెప్టెంబరు మొదటికల్లా గేమ్ చేతికి రావాలి. హోవర్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్ ఒక్కడూ కూర్చుని ఐదు వారాల్లో పూర్తి చేశాడు. ఫలితం అందరికీ తెలిసిందే. ఈటీ అడుగు తీసి అడుగు వేస్తే గోతిలో పడతాడు, కిందా మీదా పడి బయటికొస్తే మళ్ళీ పడతాడు. అమ్ముడుపోని క్యాసెట్లను 1983లో న్యూ మెక్సికో రాష్ట్రంలోని అలమగోర్డో చెత్తకుప్పలో పాతిపెట్టారు. ఆ మాట నిజమా పుకారా అని జనం చాలా ఏళ్ళు కొట్టుకున్నాక 2014 ఏప్రిల్‌లో తవ్వి చూస్తే నిజంగానే బయటపడ్డాయి. ఇది అచ్చమైన ప్లాట్‌ఫామ్ గేమ్ కాదు గానీ, తర్వాత వచ్చిన వాటన్నిటి జాతకమూ ఇందులోనే ఉంది. తేదీ ముందు ఖాయం, ఆట తర్వాత.

తేదీ ఒత్తిడి లేనప్పుడు ఏం జరుగుతుందో చెప్పడానికి 'గూనీస్' ఉంది. సినిమా 1985లో వచ్చింది. కొనామి సంస్థ 1986లో జపాన్‌లో దాన్ని గేమ్ చేసింది. అది బాగా పోవడంతో 1987లో 'గూనీస్ 2' కూడా వేసింది. చిత్రమేమిటంటే సినిమాకు రెండో భాగమే లేదు. గేమ్‌లో యానీ అనే జలకన్యను కాపాడాలి. సినిమాలో ఆ పిల్ల ఊసే లేదు. సినిమా కథను గాలికొదిలేసి, పిల్లలు గుహల్లో తిరగడం అన్న ఒక్క సంగతిని పట్టుకున్నారు. అందుకే గేమ్ నిలిచింది.

నా వాదన ఇక్కడే ఉంది. సినిమా కథ గేమ్‌కు పెద్దగా అక్కరకు రాదు. అక్కరకొచ్చేది పాత్ర కదలిక. అల్లాదీన్ సినిమా మొదట్లో ఒక రొట్టె దొంగిలించి, కాపలావాళ్ళను తప్పించుకుంటూ మిద్దెల మీద పరిగెత్తుతాడు, బట్టలారేసిన తాళ్ళు పట్టుకుని జారతాడు. ఆ కొద్ది నిమిషాల్లో ప్లాట్‌ఫామ్ గేమ్ మొత్తం ఉంది. ప్రేమకథ, తండ్రి షరతులు, జీనీ స్వేచ్ఛ ఇవన్నీ లెవెల్‌కూ లెవెల్‌కూ నడుమ రెండు బొమ్మలు వేసి చెప్పేస్తే చాలు. ఏ సినిమాలో హీరో ఒళ్ళు ముందు మాట్లాడుతుందో అది గేమ్‌గా బతుకుతుంది. హీరో నోరు మాత్రమే మాట్లాడే సినిమాను గేమ్ చేస్తే మిగిలేది అట్టపెట్టె మీది బొమ్మ.

ఇప్పుడు ఆ రెండు అల్లాదీన్లకు వద్దాం. సెగా గేమ్ కళ్ళకు పండగ. డిస్నీ యానిమేటర్లే దానికోసం కాగితం మీద బొమ్మలు గీశారు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి క్యాసెట్లో పట్టేలా కుదించిన పద్ధతికి డిజిసెల్ అని పేరు పెట్టుకున్నారు. క్యాసెట్లో ఉన్న జాగా మొత్తం 16 మెగాబిట్లు, అంటే 2 మెగాబైట్లు. ఇవాళ ఫోన్లో తీసే ఒక్క ఫొటో అంతకంటే ఎక్కువ తింటుంది. ఆ ఇరుకులోనే ఎన్ని చమత్కారాలు పెట్టారో చూడండి. బజారులో ఒంటె వీపు మీద గెంతితే అది తుపుక్కున ఉమ్ముతుంది, ఆ ఉమ్మి పోయి ఎదుటి కాపలావాడికి తగులుతుంది. నిప్పుల మీద కాళ్ళు కాలి ఎగిరెగిరి పడే కాపలావాడొకడు. సినిమాలోని హాస్యం గేమ్‌లోకి మాటలుగా కాక చేష్టలుగా వచ్చింది. సెగాలో సోనిక్ గేముల తర్వాత ఎక్కువగా అమ్ముడైన వాటిలో ఇది ఒకటి. దాదాపు 40 లక్షల ప్రతులు పోయాయంటారు. పెర్రీ మాత్రం ఆ ఏడాదే బయటికొచ్చి షైనీ ఎంటర్‌టైన్‌మెంట్ పెట్టుకుని, మరుసటి ఏడు 'ఎర్త్‌వార్మ్ జిమ్' తీశాడు.

క్యాప్‌కామ్ గేమ్‌ను డిజైన్ చేసినవాడు షింజీ మికామి. 1996లో 'రెసిడెంట్ ఈవిల్' తీసి ప్రపంచాన్ని జడిపించిన మికామీయే. అప్పటికి పిల్లల గేములు చేసుకునే కుర్ర డిజైనర్. అతని అల్లాదీన్‌లో బొమ్మలు సెగా గేమ్‌లో అంత నిండుగా ఉండవు. కానీ అల్లాదీన్ ఒళ్ళు మన చేతిలో ఉంటుంది. పరుగు తీసి ఒక స్తంభం నెత్తిన గెంతి, అక్కణ్ణుంచి కొక్కేనికి వేలాడి, వదిలేసి, దుప్పటి విప్పి గాలిలో మెల్లగా దిగడం వరకూ ఎక్కడా ఆగకుండా ఒకే ఊపులో చేయొచ్చు. మధ్యలో ఒక లెవెల్లో శత్రువులే ఉండరు. రాకుమారి జాస్మిన్‌ను ఎక్కించుకుని తివాచీ మీద ఎగురుతూ మణులు ఏరుకోవడమే. సెగా గేమ్‌లో అల్లాదీన్ మాటిమాటికీ ఆగి కత్తి తిప్పాలి. ఎదుటివాడి దెబ్బ ఎక్కడ తగిలిందో, మన దెబ్బ ఎందుకు తగల్లేదో చాలాసార్లు అర్థం కాదు. నా ఓటు క్యాప్‌కామ్‌కే. అయితే మికామి ఏళ్ళ తర్వాత ఒక ఇంటర్వ్యూలో, ఇది తాను చేసిన గేమ్ కాకపోయుంటే కత్తి ఉంది కాబట్టి సెగాదే కొనేవాణ్ణని నవ్వుతూ అన్నాడు. కాబట్టి తగువు కొనసాగించుకోండి.

'లయన్ కింగ్' కథ ఇంకోలా ఉంటుంది. సినిమా 1994 జూన్‌లో, గేమ్ ఆ ఏడాది చివర్లో వచ్చాయి. చేసింది లాస్ వేగస్‌లోని వెస్ట్‌వుడ్ స్టూడియోస్. యుద్ధ వ్యూహాల గేములకు పేరుపడ్డ సంస్థ. పది లెవెల్స్. మొదటిది పచ్చిక బయలు, పసిపిల్లల ఆట. హీరో అయిన సింహం పిల్ల సింబా గర్జన సాధన చేస్తాడు, బల్లుల మీద దూకుతాడు. ఇంట్లో చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆడించొచ్చు. రెండో లెవెల్లో ఉష్ట్రపక్షి ఎక్కి దూసుకుపోవాలి. పైన అడ్డు వస్తే వంగాలి, కింద అడ్డు వస్తే ఎగరాలి, కొన్నిచోట్ల ఎగిరి గాలిలోనే మళ్ళీ ఎగరాలి. రెప్పపాటు తేడా వస్తే మొదటికి. అది దాటితే కోతులు. ఒక్కో కోతి సింబాను పట్టి ఒక్కో దిక్కుకు విసురుతుంది. కొన్నిటి మీద గర్జిస్తే అవి తిరిగి వేరే వైపు విసురుతాయి. ఏ కోతి మీద గర్జించాలో, ఏ వరుసలో గర్జించాలో తేల్చుకోలేక ఒక తరం పిల్లలు అక్కడే ఆగిపోయారు. ఆ తర్వాత ఎనిమిది లెవెల్స్ ఉన్నాయని కూడా చాలామందికి తెలియదు.

ఇది పొరపాటుగా జరిగింది కాదు. అమెరికాలో అప్పట్లో వీడియో గేములు అద్దెకిచ్చే దుకాణాలు వీధికొకటి. శుక్రవారం సాయంత్రం తెచ్చుకుని ఆదివారానికి ఆట ముగించి ఇచ్చేస్తే ఇక కొనే అవసరమేముంది? జపాన్‌లో గేములు అద్దెకివ్వడం కుదరదు. అమెరికా చట్టం అడ్డుపెట్టలేదు, ఆపాలని నింటెండో చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. దాంతో రెండు రోజుల్లో ముగియకుండా గేమ్‌ను ముందు లెవెల్స్‌లోనే బిగించాలన్న ఒత్తిడి వచ్చింది. వెస్ట్‌వుడ్ స్థాపకుల్లో ఒకడైన లూయీ కాసిల్ ఈ సంగతి తర్వాత బాహాటంగానే చెప్పాడు. సినిమా ఎవరి కోసమో గేమ్ వాళ్ళ మొహం మీదే తలుపు వేసింది. అందమైన గేమే, ఆ వైల్డ్‌బీస్టుల తొక్కిసలాట లెవెల్లో మంద మన వైపే దూసుకొస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కానీ తన ప్రేక్షకుణ్ణి ఇంతగా కాదన్న గేమ్ మరొకటి నాకు గుర్తుకు రాదు.

లయన్ కింగ్ పేరు మీద ఆ క్రిస్మస్‌కే కంప్యూటర్ల కోసం ఒక బొమ్మల కథ డిస్క్ కూడా వచ్చింది. ఇది ప్లాట్‌ఫామ్ గేమ్ కాదు, అయినా చెప్పకుండా ఉండలేను. పండగ పొద్దున పిల్లలు డిస్క్ వేస్తే కొత్త కాంపాక్ కంప్యూటర్లు ఠక్కున ఆగిపోయాయి. విండోస్‌లో గేములకు అప్పుడున్న వింజీ అనే ఏర్పాటుకు ఆ యంత్రాల తెర సాఫ్ట్‌వేర్‌తో పొసగలేదు. తల్లిదండ్రుల ఫోన్లతో డిస్నీ వాళ్ళు సతమతమయ్యారు. ఆ చేదు అనుభవం వెనకుండి తోయడం వల్లే మైక్రోసాఫ్ట్ 1995లో డైరెక్ట్ఎక్స్ తెచ్చింది. ఇవాళ విండోస్‌లో ఆడే పెద్ద గేములు ఎక్కువ భాగం దాని మీదే నడుస్తాయి. ఒక సింహం పిల్ల చేసిన గొడవ ఇంత దూరం వెళ్ళింది.

మన దగ్గర ఈ గేములు దొడ్డిదారినే వచ్చాయి. సెగా, నింటెండో అసలు యంత్రాలు కొన్న ఇళ్ళు హైదరాబాద్‌లోనే అరుదు. చైనా నకలు టీవీ గేముల క్యాసెట్లలో అల్లాదీన్ పేరుతో ఎవరో చేసిన దొంగ గేములు ఉండేవి. అసలైనవి ఎక్కువమందికి దొరికింది కంప్యూటర్ల మీదే. అల్లాదీన్, లయన్ కింగ్ రెండింటికీ డాస్ రూపాలుండేవి కాబట్టి 1990ల చివర్లో అమీర్‌పేట నుంచి అనకాపల్లి దాకా కంప్యూటర్ కోచింగ్ సెంటర్లలో సార్ బయటికెళ్ళగానే ప్రిన్స్ ఆఫ్ పర్షియా పక్కన ఇవీ తెరుచుకునేవి. సినిమా చూడకుండానే గేమ్ ఆడినవాళ్ళు మన దగ్గర చాలామంది. వాళ్ళకు సింబా సినిమా హీరో కాదు, కోతుల దగ్గర ఆగిపోయిన పిల్లి.

త్రీడీ కాలం రాగానే పద్ధతి మారింది. ఇంగ్లండ్‌కు చెందిన ట్రావెలర్స్ టేల్స్ సంస్థ 1995లో 'టాయ్ స్టోరీ'ని సెగాకు తెచ్చింది. పిక్సార్ సినిమా మొత్తం కంప్యూటర్‌తో చేసింది కాబట్టి గేమ్ బొమ్మలనూ కంప్యూటర్ త్రీడీ రూపాల నుంచే తీశారు. గెంతులాట మధ్యలో రిమోట్ కారు నడపడం, బొమ్మల యంత్రం లోపల తిరగడం లాంటివి కలిపారు. అసలు మెరుపు 1999లో అదే సంస్థ చేసిన 'టాయ్ స్టోరీ 2'. మొదటి లెవెల్ ఆ బొమ్మలు ఉండే ఆండీ అనే పిల్లాడి ఇల్లు. మనం అరచేతి ఎత్తు బజ్ లైట్‌ఇయర్. మంచం ఒక కొండ, అలమర ఒక కోట, పైన అటక ఒక దేశం. హ్యామ్ అనే ముంత పందికి 50 నాణేలు ఏరి తెచ్చిస్తే ఒక టోకెన్ ఇస్తాడు. గొర్రెల కాపరి బొమ్మ బో పీప్‌కు తప్పిపోయిన గొర్రెలు వెతికి పెట్టాలి. బొమ్మ కళ్ళతో ఇంటిని చూడడం అన్నది సినిమాలో చూపు, గేమ్‌లో ఒళ్ళు. ఈ తరహా గేముల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. కెమెరా మాత్రం గోడల్లోకి దూరి విసిగిస్తుంది.

హ్యారీ పాటర్ మొదటి సినిమా 2001 నవంబరులో వచ్చినప్పుడు గేమ్ పేరు ఒకటే, గేములు మాత్రం యంత్రానికొకటి. ప్లేస్టేషన్‌కు ఆర్గోనాట్ వాళ్ళు, కంప్యూటర్‌కు నోవండర్ అనే సంస్థ చేశారు. ఆర్గోనాట్ అంతకుముందు 'క్రాక్' అనే మొసలి పిల్ల గేమ్ చేసింది, దాని పోలికలు హాగ్వర్ట్స్ కోట మెట్ల మీద కనిపిస్తాయి. ఆ గేమ్‌లో హాగ్రిడ్ మొహం ఇటుకల్లా మూలలు తేలి ఉంటుంది. ఇప్పటి పిల్లలు దాన్ని మీమ్‌గానే ఎరుగుదురు. అయినా ఆ కోటలో తిరుగుతూ రంగురంగుల జెల్లీ గింజలు ఏరుకున్న గంటలను తీసిపారెయ్యలేం.

అక్కణ్ణుంచి దిగజారుడే. 'ఫైండింగ్ నీమో', 'ఇన్‌క్రెడిబుల్స్', 'కార్స్', 'రాటటూయీ', 'వాలీ', 'అప్' అన్నీ టీహెచ్‌క్యూ ప్రచురించింది. తీసికట్టు కాదు, గొప్పా కాదు. వంటింట్లో ఎలుక గెంతులకు సహజంగా కుదిరిన 'రాటటూయీ' ఒక్కటి కాస్త నయం. ఈలోపు కొత్త యంత్రాలతో ఖర్చులు పెరిగాయి, పిల్లలు ఫోన్లలో ఉచిత గేములకు మళ్ళారు. టీహెచ్‌క్యూ 2012 డిసెంబరులో దివాలా తీసింది. డిస్నీ సొంతంగా నడిపిన 'డిస్నీ ఇన్ఫినిటీ' 2016లో మూతపడింది, కన్సోల్ గేములు తామే చేసే పని నుంచి డిస్నీ తప్పుకుంది. ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. గేముల నుంచి కుటుంబ చిత్రాలు వస్తున్నాయి. సోనిక్ 2020లో, మారియో 2023లో తెరకెక్కాయి. మారియో సినిమా వంద కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది.

పోతే పోయాయి, చెత్తే కదా అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఈ గేములు ఒక పెద్ద బడి. పెర్రీ, మికామి అందులో చదువుకున్నవాళ్ళే. ట్రావెలర్స్ టేల్స్ ఆ తర్వాత లెగో గేములతో దశాబ్దాలు ఏలింది. 'రాటటూయీ' పని చేసిన ఫ్రాన్స్ సంస్థ అసోబో 2020లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ తీసింది. 'టాయ్ స్టోరీ 3' చేసిన అవలాంచ్ 2023లో 'హాగ్వర్ట్స్ లెగసీ' ఇచ్చింది. సినిమా పేరు అమ్మకాలకు హామీ, ఆ హామీ కింద కుర్రాళ్ళు పని నేర్చుకున్నారు. బడి మూసేసి పట్టభద్రులు ఎక్కడి నుంచి వస్తారని అడిగితే జవాబు లేదు.

మన తెలుగు నేల మీద ఆ బడి సరిగ్గా మొదలవ్వనే లేదు. హైదరాబాద్ ఎఫ్ఎక్స్‌ల్యాబ్స్ 2008లో హిందీ 'గజిని'ని కంప్యూటర్ గేమ్ చేసింది, ధైర్యమైన ప్రయత్నమే కానీ పిల్లల సినిమా కాదు. 'బాహుబలి' పేరుతో 2017లో ఫోన్లకు వచ్చినది కోటలు కట్టి సైన్యాలు పంపే గేమ్, చేసింది బెంగళూరు సంస్థ. హైదరాబాద్‌లోనే పుట్టిన ఛోటా భీమ్ మీద వచ్చిన ఫోన్ గేముల్లో కనిపించేది ఎక్కువగా ఆగకుండా పరిగెత్తడమే. లడ్డూ తిని బలం తెచ్చుకునే పిల్లాడి కంటే ప్లాట్‌ఫామ్ గేమ్‌కు సరిపోయే హీరో ఉంటాడా? అంతకంటే మంచి ఉదాహరణ రాజమౌళి 'ఈగ'. ఈగయ్యాక హీరో మాట్లాడడు. ఎగురుతాడు, వాలుతాడు, తప్పించుకుంటాడు, చెవి దగ్గర జుయ్యిమంటాడు. గది మొత్తం ఈగ కంటికి ఎలా ఉంటుందో సినిమాయే చూపించేసింది. 'టాయ్ స్టోరీ 2' ఆడినవాళ్ళెవరికైనా ఆ సినిమా చూస్తుంటే చేతులు దురద పెట్టాలి.

పాతవి ఆడాలనుకునేవాళ్ళకు ఒక మాట. సెగా అల్లాదీన్, లయన్ కింగ్ రెండూ 2019లో డిజిటల్ ఎక్లిప్స్ చేసిన సంకలనంగా మళ్ళీ వచ్చాయి, 2021లో క్యాప్‌కామ్ అల్లాదీన్, 'జంగిల్ బుక్' చేరాయి. తప్పు జరిగితే ఆటను వెనక్కి తిప్పుకునే మీట కూడా ఇచ్చారు. పిల్లలతో ఆడేటప్పుడు లయన్ కింగ్ రెండో లెవెల్లో ఆ మీట వాడడానికి మొహమాటపడకండి.

ఇక మన నిర్మాతలకు. గేమ్ చేసేవాళ్ళను సినిమా ట్రైలర్ వచ్చాక కాదు, కథ చర్చల్లో ఉండగానే పిలవండి. విడుదల రోజునే గేమ్ కూడా రావాలని మాత్రం పట్టుబట్టకండి. బాండ్ చిత్రం 'గోల్డెన్ ఐ' 1995 నవంబరులో వచ్చింది. అది పిల్లల సినిమా కాదు, గేమ్ కూడా గెంతులాట కాదు. కానీ సినిమా గేముల్లో ఎవరిని అడిగినా ముందు చెప్పే పేరు అదే. ఆ గేమ్ 1997 ఆగస్టులో, సినిమా థియేటర్ల నుంచి ఎప్పుడో వెళ్ళిపోయాక వచ్చింది. 80 లక్షలకు పైగా అమ్ముడైంది.